పొగ ఎంత ఎత్తుకు లేస్తుంది

అణుయుద్ధమే వస్తే, తగలబడే నగరాల పొగ ఎంత ఎత్తుకు లేస్తుంది, ఎన్నాళ్లు ఎండను ఆపుతుంది అన్నది లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఆ లెక్క మొదట వేసింది అక్కడి పెద్దసారు, ఆమె పైఅధికారి. చలి ముదిరి, పంటలు పోయి, సగం లోకం పస్తులుంటుందని వయసులో ఉండగా ఆయనే తేల్చాడు. ఆ మాటతోనే ఆయనకు పేరొచ్చింది.

ఇప్పుడు ఆమె కంప్యూటరు ఆ మాటకు అడ్డం తిరిగింది. ఏం కాలుతుంది, ఎంత కాలుతుంది అన్నది కాస్త మార్చి చూస్తే, పొగలో చాలా భాగం పైకి చేరకముందే వానకు కడుక్కుపోతోంది, చలి అంతగా ముదరడం లేదు. తప్పెక్కడుందోనని వారాల తరబడి తవ్వింది. దొరకలేదు.

సారుకు ఎలా చెప్పడం? ఆమెకు పని నేర్పిందే ఆయన. పైగా "ఏమంత కాదట" అనుకుని ఎవరైనా యుద్ధానికి కాలు దువ్వితే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? మింగలేక కక్కలేక ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నావు, పోయి చెప్పెయ్యమని భర్త పోరుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టి, గ్రాఫులన్నీ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది నిజమేనంటావా?" అన్నాడు చివరికి.

"చెప్పలేను సార్. కాలేది ఎంతో ఎవరికీ తెలీదు. మీరన్నంతా జరగొచ్చు. అందులో పదోవంతే జరగొచ్చు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"నా లెక్క తప్పని ఎవరైనా వచ్చి చెబితే బాగుండునని ఎన్నేళ్లుగా చూస్తున్నానో నీకేం తెలుసమ్మా. మనవరాలు పుట్టినప్పుడు చేతుల్లోకి తీసుకుని, దీనికి తిండి దొరుకుతుందా అనుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

పదోవంతైనా తక్కువేం కాదని, బాంబుల కింద ఉన్నవాళ్లకు చలితో పనే ఉండదని ఆమె నెమ్మదిగా గుర్తుచేసింది. ఆ ముక్క మొదటి పేజీలోనే పెట్టమన్నాడాయన. రెండు లెక్కలూ పక్కపక్కనే చూపించి, తెలియనిదాన్ని తెలియదనే రాయమన్నాడు. కింద తన పేరూ చేర్చమన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ క్యాంటీన్‌లో భోంచేశారు. ఎప్పుడూ మెతుకులు కెలికి లేచిపోయే మనిషి, ఆ రోజు మళ్లీ వడ్డించుకున్నాడు. ఆమె వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"తిట్టలేదు" అంది.

"హమ్మయ్య. అయితే మేం కూడా బతికిపోయాం" అన్నాడతను.