మొదటి డ్రమ్ము

ఇన్నయ్య గుడ్డను పిండలేదు. తేనె వడకట్టే గుడ్డను పిండితే మైనం కూడా కిందికి దిగుతుంది. గుడ్డను డ్రమ్ము మూతికి కట్టి, పైనుంచి క్యాను వంచి, తేనె తనంతట తాను దిగేదాకా పక్కన నిలబడటమే ఆయన ఉద్యోగం. భద్రాచలం రోడ్డు మీది తేనె కొనుగోలు కేంద్రంలో తల నెరిసేదాకా ఆయన చేసింది ఈ నిలబడటమే. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడూ అంటుకుపోయి ఉంటాయి. చొక్కా ఎంత ఉతికినా చీమలు వదలవు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కాస్త జరుగుతారు. ఆయన పట్టించుకోడు.

వడకట్టే గదిలో గోడకు ఒక మేకు ఉంది. దానికి దారంతో చిన్న సిలువ వేలాడుతోంది. మట్టల ఆదివారం నాడు చర్చిలో పంచిన కొబ్బరాకుతో మడిచింది. ఆ మట్టలు అశ్వారావుపేట తోటల నుంచి ఆటోలో వస్తాయి. ఇన్నయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఎండాకాలం మొదటి డ్రమ్ము పులిసి, పొంగి, గదంతా పారింది. ఉన్న ఉద్యోగం ఊడుతుందని ఆయన అన్నం మానేస్తే, భార్య ఫ్లోరెన్స్ మరుసటి ఏడు మట్టతో సిలువ మడిచి, మొదటి డ్రమ్ములో వేయమని చేతికిచ్చింది. మళ్లీ పొంగలేదు. అది మట్ట మహిమో, ఆ ఏటి ఎండల మహిమో ఆయన విచారించలేదు. ఫ్లోరెన్స్ చనిపోయాక మడవడం తానే నేర్చుకున్నాడు. ఏటా మొదటి డ్రమ్ము తేనెలో సిలువను దించి ఉంచుతాడు. డ్రమ్ము లారీ ఎక్కే రోజు తీసి మేకుకు తగిలిస్తాడు. తర్వాతి విభూది బుధవారానికి చర్చిలో ఇచ్చేస్తే, వాళ్లు కాల్చి ఆ బూడిదనే అందరి నుదుట పెడతారు.

ఆ రోజు ముత్తక్క వచ్చింది. కోయగూడెంలో అందరూ తీసిన తేనెను ఆటోలో వేసుకుని తెచ్చేది ఆమే. ఏటా మొదటి డ్రమ్ము నిండేది వాళ్ల తేనెతోనే. కేంద్రం చూసుకునే సుకుమార్ ఈసారి క్యాన్లు దించనివ్వలేదు. ఇప్పటికే లారీ ఎక్కి వెళ్లిన ఈ ఏటి మొదటి డ్రమ్ముకు హైదరాబాద్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చిందట. ఈ ఏడు కొత్తగా తేనెలో ఏయే చెట్ల డీఎన్ఏ ఉందో చూశారట. ఇప్ప, నేరేడు, మద్ది ఉన్నాయి, అడవి తేనెలో ఉండాల్సినవే. వాటితోపాటు కొబ్బరి ఉంది. అడవిలో కొబ్బరి ఎక్కడిది? కోస్తా తోటల్లో పెట్టెల్లో పెంచే తేనెటీగల తేనె తెచ్చి కలిపారని పైవాళ్లు తేల్చేశారు. ఇక ఆ గూడెం తేనె కొనొద్దన్నారు.

“మా గూడెంల కొబ్బరి చెట్టే లేదు సారూ. దేవునికి కొట్టే కాయ గూడ సంతల కొనుక్కొస్తం” అంది ముత్తక్క.

సుకుమార్ మంచివాడే. కలిపావని తాను అనడం లేదని, రిపోర్టు అంటోందని నెమ్మదిగా చెప్పాడు. ముత్తక్క తిట్టలేదు, ఏడవలేదు. వరండాలో క్యాన్ల పక్కన కూలబడింది. ఇవి వెనక్కి తీసుకుపోతే గూడెంలో ఏమంటారో ఆమెకు తెలుసు. తెచ్చేది ఆమె ఒక్కతే కాబట్టి దారిలో ఆమే కలిపిందంటారు.

కొబ్బరి అన్న మాట చెవిన పడగానే ఇన్నయ్య మేకు వైపు చూశాడు. తర్వాత, తనను ఎవరైనా చూశారా అని చూశాడు. వడకట్టే మనిషిని ఎవరు చూస్తారు? నోరు మూసుకుంటే రేపూ ఇదే గది, ఇదే గుడ్డ. ఫ్లోరెన్స్ లేని ఇంట్లో పగలంతా కూర్చోవాలంటే ఆయనకు భయం. చేతిలో క్యాను ఖాళీ అయ్యేదాకా వంచుతూనే ఉన్నాడు. తేనెకు ఎప్పుడూ తొందర లేదు.

క్యాను కింద పెట్టి, సిలువను మేకు మీంచి తీసి, తెచ్చి సుకుమార్ బల్ల మీద పెట్టాడు.

“నేనే ఏసిన సారు. ముత్తక్క డ్రమ్ముల. ఏటా ఏస్త.”

సుకుమార్ సిలువను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆ పరీక్ష చెట్టు పేరు చెబుతుంది గానీ, అది పువ్వులోంచి వచ్చిందో ఆకులోంచి వచ్చిందో చెప్పదు. ఫోను పట్టుకుని బయటికి వెళ్లి, చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆకును కూడా పంపితే మళ్లీ పరీక్ష చేస్తారట. అందాకా ముత్తక్క తేనె దించుకోవచ్చట. మిగతాది చెప్పడానికి కాస్త నసిగాడు.

“తినేదాంట్ల బయటిది ఏసినోళ్లను ఉంచొద్దంటున్నరు మామా.”

“అవ్, ఎట్ల ఉంచుతరు” అన్నాడు ఇన్నయ్య.

సంగతి తెలిసి ముత్తక్క ఆయన్ని మెచ్చుకోలేదు. క్యాన్లు అందిస్తూ గొణిగింది. “నాతోని ఒక మాటంటే ఏంబోయె అన్నా. మేం గూడ దేవునికి మొక్కే తీస్తం తేనె.”

ఆమె తెచ్చిన తేనెనంతా ఇన్నయ్యే వడకట్టాడు. గుడ్డను వేడినీళ్లలో జాడించి తీగ మీద ఆరేశాడు. టిఫిన్ డబ్బా తీసుకుని ఖమ్మం బస్సెక్కాడు. పక్కన కూర్చున్నతను కాస్త జరిగాడు. ఈసారి ఇన్నయ్యకు అది తెలిసింది.

సుకుమార్ బల్ల మీద కొరియర్ కోసం రెండు శాంపిళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి తేనె సీసా. రెండోది మూతి అతికించి నంబరు వేసిన ప్లాస్టిక్ సంచి. అందులో దారమైనా విప్పని కొబ్బరాకు సిలువ, దాని మీద సంచిలోనే చిక్కుకుపోయి ఇంకా తిరుగుతున్న ఒక చీమ.