కారులో మాట

ప్రొఫెసరుగారికి మనుషుల కంటే కార్ల మీదే మోజు ఎక్కువని కాలేజీలో ఓ వేళాకోళం ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. మనస్తత్వశాస్త్రం ఆయన కడుపు నింపిందేమో గానీ, ఆయన్ని ఆ చదువులోకి తోసింది మాత్రం కారే.

చిన్నప్పుడు ఆయన పెద్దమ్మా పెదనాన్నా ఇంట్లో ఉప్పూ నిప్పూ. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మాట పెగిలేది కాదు. కారెక్కారంటే చాలు, ఇద్దరి కళ్లూ రోడ్డు మీదికి పోయేవి, నోళ్లు తెరుచుకునేవి. "ఆ రోజు మీ అన్నయ్య ముందు నన్నంత మాట అనకుండా ఉండాల్సింది," అనేది పెద్దమ్మ గేరు మారుస్తూ. "నిజమే, తప్పు నాదే," అని పెదనాన్న పక్కనుంచి పోతున్న చెట్లకేసి చూస్తూ ఒప్పుకునేవాడు. ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకోగానే మళ్లీ మౌనవ్రతం. వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్న పిల్లాడి పనల్లా వినడం, నోరు మూసుకోవడం. విన్నది ఇంట్లో వాగితే మర్నాడు షికారు ఉండదని వాడికి బాగా తెలుసు.

పెద్దయ్యాక ఇంజనీరింగులో చేరతాడనుకున్నారందరూ. సైకాలజీ అనేసరికి తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. "కార్లంటే పడి చస్తావు కదరా! ఇంజన్ల చదువు చదవక ఈ పిచ్చాళ్ల చదువేంటి?"

"ఇంజను పాడైతే ఎవరో ఒకరు బాగుచేస్తారు నాన్నా. లోపల కూర్చున్నవాళ్ల సంగతే ఎవరికీ తెలీదు," అన్నాడు కొడుకు.

ఆ సంగతి మీదే డాక్టరేటు చేశాడు. ఎదురెదురుగా కూర్చుంటే దాచుకునే మాటలు పక్కపక్కన కూర్చుని ముందుకు చూస్తూ ఉంటే ఎందుకు బయటికొస్తాయి? మొదట్లో అందరూ నవ్వారు. ఇది పరిశోధనా, పెట్రోలు తగలెయ్యడమా అన్నారు. ఆయన మొండివాడు. ఓ పాత కారు ముందు సగం కోయించి, గోడ పగలగొట్టించి మరీ మొదటి అంతస్తులోని ప్రయోగశాలలోకి ఎక్కించాడు. ఎదురుగా తెర, తెర మీద కదిలే రోడ్డు. మనుషులు వచ్చి అందులో కూర్చుని, ఇల్లాలికీ వైద్యుడికీ చెప్పనివి చెప్పుకుని పోయేవారు. ఆ ప్రయోగశాలకి ఒకటే కట్టుబాటు. కారులో మాట కారు దిగకూడదు.

ఆ కట్టుబాటు కింద ఆయన పెంచిన మొదటి శిష్యురాలు క్లచ్చమ్మ. ఆ పేరు ఆయన పెట్టిందే. డ్రైవింగు నేర్పుతుంటే ఎంత మొత్తుకున్నా క్లచ్చు మీది కాలు తీసేది కాదు. బండి గొంతు పట్టినట్టు మూలిగేది. "క్లచ్చమ్మా, దాన్ని బతకనియ్యవే!" అని అరిచేవాడు. ఇప్పుడావిడా ప్రొఫెసరే. విద్యార్థులు గజగజలాడతారు. ఆయన మాత్రం అమ్మాయ్ అంటాడు, లేకపోతే క్లచ్చమ్మ అంటాడు.

క్లచ్చమ్మ కూడా ఆయన పక్క సీట్లో చాలా చెప్పుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ పెద్ద ప్రయోగం రికార్డింగులన్నీ చేజేతులా చెరిపేసి, యంత్రం పాడైందని అందరికీ అబద్ధం చెప్పింది. ఆ సంగతి ఆయనకి కారులోనే ఏడుస్తూ చెప్పింది. ఆయన సరేనని, చెత్త యంత్రం కొన్న పాపం తన నెత్తిన వేసుకుని ప్రిన్సిపాలుతో చీవాట్లు తిన్నాడు.

ఈ మధ్య ఆయనకీ చెప్పుకోవలసింది ఒకటి వచ్చింది. ఓ రోజు కారు నడుపుతుంటే కూడలి దగ్గర ఎర్ర దీపం పడింది. బ్రేకు వెయ్యాలి. ఏది బ్రేకో తోచలేదు. దైవవశాత్తూ ముందు ఎవరూ లేరు. మర్నాడు తాళాలు క్లచ్చమ్మ చేతిలో పెట్టి, తను పక్క సీట్లో కూర్చున్నాడు.

"కాళ్లు అద్దెకి తెచ్చుకున్నట్టు అయిపోయాయి అమ్మాయ్," అన్నాడు రోడ్డుకేసి చూస్తూ. "నాకు భయమేసింది. ఇక నేను స్టీరింగు ముట్టుకోను."

"నేనున్నాగా మాస్టారూ," అంది క్లచ్చమ్మ. "రోజూ నేను దింపుతా. ఎవరికీ చెప్పను."

ఆ మాటతో ఆయన గుండె తేలికపడింది. కారు నడపకపోతేనేం, కాలేజీ కట్టిస్తున్న కొత్త ప్రయోగశాల ఉంది. సగం కారు కాదు, నిండు కార్లు, వాటికోసం ఓ సొంత రోడ్డు. జీవితమంతా ఆయన అడిగింది అదే. దానికి పెద్ద ఎవరో తేల్చడానికే ఇవాళ సమావేశం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

ప్రిన్సిపాలు మంచినీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, ఇంకా ఈ బరువు మీకెందుకు చెప్పండి? కాళ్లు అద్దెకి తెచ్చుకున్నట్టు ఉంటున్నాయట కదా. కొత్త ల్యాబు మేడమ్ చూసుకుంటారు. ఆవిడ ఒప్పుకున్నారు కూడా."

అద్దెకి తెచ్చుకున్న కాళ్లు. ఆ మాట ఈ భూమ్మీద విన్నది ఒక్కత్తే. ప్రొఫెసరుగారు పక్క కుర్చీలో ఉన్న క్లచ్చమ్మకేసి చూశాడు. ఆమె ఎదురుగా ఉన్న ఖాళీ గోడకేసి చూస్తోంది.

ఒళ్లంతా మండిపోయింది ఆయనకి. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాడు? చెరిపేసిన రికార్డింగుల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, ఆ కుర్చీ ఆమెకీ దక్కదు. ఆయన ఆ మాట మింగేశాడు.

సాయంత్రం క్లచ్చమ్మ ఎప్పట్లాగే కారు తెచ్చి ముందు తలుపు తీసింది. "ఎక్కండి మాస్టారూ."

ఆయన వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"అదేంటి, అక్కడ కూర్చున్నారు?"

ఆయన తలుపు వేసుకున్నాడు. ఆమె బండి కదిలించింది. రెండు వీధులు దాటాక, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా మొదలుపెట్టింది.

"ముందు మీ మంచికే అనుకున్నా మాస్టారూ. కాదులెండి. మీరు అప్పటికే నడపడం మానేశారు, ఇక ప్రమాదమేం లేదని నాకు తెలుసు. నాకా కుర్చీ కావాలి. మీరున్నంత కాలం నేను మీ క్లచ్చమ్మనే. అందుకే చెప్పేశా. తిట్టండి. ఏదో ఒకటి అనండి!"

ఆయన వింటూ కూర్చున్నాడు. ఇంకెవరు ఆయన్ని మోసం చేసినా ఇంత బాధపడేవాడు కాదు. ఈ పిల్లకి స్టీరింగు పట్టుకోవడం తనే నేర్పాడు. ఏడవాలనిపించింది, ఏడవలేదు.

ఇంటి ముందు బండి ఆగింది. ఆయన దిగి, డ్రైవరు పక్క కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"తాళాలివ్వండి మేడమ్."

ఆ పిలుపు విని ఆమె మొహం పాలిపోయింది. తాళాలిచ్చి కిందికి దిగింది. "మాస్టారూ, నేను ఇందాక చెప్పింది..."

"భయపడకండి," అన్నాడు ఆయన. "మీరు చెప్పింది కారు దిగదు. పాత సంగతి కూడా."

కారుకి తాళం వేసి ఆయన లోపలికి వెళ్లిపోయాడు.