బిళ్లకో టీ

టీ మాస్టరు ఎడమ చేత్తో గిన్నె వంచి, కుడి చేత్తో వడపోత గుడ్డ పట్టుకుని, పన్నెండు గ్లాసుల్లోకి చుక్క ఒలకకుండా టీ పోస్తున్నాడు. మణికట్టు మీద ఆవిరి కాల్చిన మచ్చలు వరసగా ఉన్నాయి. ఖజానా కార్యాలయం మెట్ల కింద, నలుగురు నిలబడితే నిండిపోయే ఆ కొట్లో ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని ఇదే. దాని మీద ఆయనకు ఒక్కరోజూ విసుగు పుట్టలేదు.

గోడ మీది పలకలో రాత కూడా ముప్పై ఏళ్ల నాటిదే. టీ ఒక బిళ్ల. ఒకే ఒక్క చిన్న నాణెం. కొట్టు తెరిచిన రోజున ఉత్సాహం కొద్దీ, ఎన్నటికీ ధర పెంచనని అందరి ముందూ అనేశాడు. పాలూ పంచదారా ఆకాశానికెక్కినా ఆ మాట తప్పడానికి ప్రాణం ఒప్పలేదు. ధరకు బదులు గ్లాసు మార్చుకుంటూ వచ్చాడు. పాత గ్లాసులు పై అరలో కొలువుతీరి ఉన్నాయి. మొదటిది జానెడు ఎత్తు, తర్వాతివి ఒకదానికన్నా ఒకటి కురచ. ఇప్పుడు పోస్తున్నదాంట్లో రెండు గుక్కలు పడితే గొప్ప. వచ్చే ఏడు ఇక చెంచాతో పోయాల్సిందేనని, వెనక గ్లాసులు కడిగే భార్య ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఆ ఉదయం ఖజానా కార్యాలయం గుమస్తా ఒకడు టీకి దిగుతూ ఒక కబురు మోసుకొచ్చాడు. రేపటినుంచి బిళ్ల చెల్లదట. దాన్ని తయారుచేసే ఖర్చులో పదోవంతు విలువ కూడా అది చేయడం లేదట. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చుపెట్టి, చాలనిదానికి నోట్లు అచ్చేయిస్తోందని, ఆ కాగితాలు తన బల్ల మీదుగానే వెళ్తాయని కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. పోయిన నెల జీతం పెరిగిందని అందరికీ టీ ఇప్పించినవాడూ అతనే.

"పాలు చాలనప్పుడు నేను గ్లాసు చిన్నది చేశాను బాబూ. అందరి కళ్లముందే చేశాను," అన్నాడు మాస్టరు. "మీ పై అంతస్తువాళ్లు గిన్నెలో నీళ్లు కలిపి, టీ పెరిగిందంటున్నారు."

గుమస్తా నవ్వబోయి ఆగిపోయాడు. తన రెండు గుక్కలూ తాగి మెట్లెక్కాడు.

కబురు పాకి, జేబుల అడుగున పడున్న బిళ్లలు వదిలించుకోవడానికి జనం రోజంతా ఎగబడ్డారు. మాస్టరుకు హుషారు పుట్టుకొచ్చింది. ఎడమ చెయ్యి లాగుతుంటే గిన్నె బరువనుకున్నాడు.

"రేపటికి పలక మీద ఏం రాస్తారు?" అని భార్య అడిగింది.

"గిరాకీ తగ్గనీ, చూద్దాం."

సాయంత్రం కొట్టు ఖాళీ అయ్యాక ఆయన జానెడు గ్లాసు దించి, దుమ్ము తుడిచి, కడిగి, నిండా టీ పోసుకున్నాడు. తన వంతు బిళ్ల డబ్బాలో వేశాడు. తడిగుడ్డ పట్టుకుని పలక కింద స్టూలు మీద కూర్చున్నాడు. చెరపాలి, తప్పదు. ముందు టీ తాగుదామనుకున్నాడు. మొదటి గుక్కకే ప్రాణం లేచొచ్చింది. ఇంత టీ ఒకేసారి తాగి ఎన్నేళ్లయిందో. బాగానే బతికాననిపించింది ఆయనకు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన తల గోడకు ఆనించి ఉన్నాడు. గుడ్డ పిడికిట్లోనే ఉంది. పలక మీద రాత చెరగలేదు. పిలిచింది, భుజం కదిపింది. అర్థమయ్యాక నేలమీద ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"చివరికి మీ పంతమే నెగ్గించుకున్నారు," అని ఏడ్చింది.

బల్ల మీద జానెడు గ్లాసులో టీ సగానికి పైగా మిగిలే ఉంది. ఇప్పటి కొలతకు నలుగురికి సరిపోతుంది.