డబ్బా మీద రాయని మందు

మళ్లీ అద్దం పగిలింది. కోతకు తిన్నగా గీయాల్సిన గీత మధ్యలో వంకర తిరిగి, పలక కాస్తా ముక్కలైంది. అద్దాల కొట్టు నడిపే ఆమె తన చేతివంక చూసుకుంది. సన్నగా వణుకుతోంది. పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న పని. చెయ్యి ఏనాడూ ఇలా మొరాయించలేదు. ఎవరో తరుముతున్నట్టు గుండె దడదడలాడుతోంది. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా పోవాలని ఉంది. మంచమెక్కితే కునుకు పట్టదు.

"టీలు తగ్గించు," అన్నాడు భర్త, ముక్కలు ఏరుతూ.

టీ మానేసినా దడ తగ్గలేదు. ఈమధ్య కొత్తగా మొదలుపెట్టినవి అక్క ఇచ్చిన మాత్రలే. బరువు తగ్గడానికని అక్క వాటిని తను వేసుకోవడమే కాక, తెలిసినవాళ్లందరికీ అమ్ముతోంది. "అన్నీ ఆకులూ వేర్లేనే, హాని ఏముంటుంది?" అంటూ డబ్బా చేతిలో పెట్టింది.

ఆ డబ్బా పట్టుకుని మందుల షాపుకు వెళ్లింది. షాపతను దాన్ని ఇటూ అటూ తిప్పి పెదవి విరిచాడు.

"దీంట్లో ఏది ఎంత వేశారో రాయలేదు. తయారుచేసినవాళ్ల అడ్రసు లేదు. బయటి ల్యాబులో పరీక్ష చేయించిన దాఖలా లేదు. ఇలాంటివాటిల్లో చెప్పకుండా మందులు కలిపేస్తుంటారమ్మా. ఇక వేసుకోకండి. డబ్బాతో సహా డాక్టరుకి చూపించండి."

డాక్టరుదీ అదే అనుమానం. గుండెను ఉరికించే మందేదో కలిపి ఉంటారన్నాడు. మానేసిన మర్నాటికే చెయ్యి కాస్త కుదుటపడింది. మనసే కుదుటపడలేదు. అక్క ఇంకా మింగుతూనే ఉంది కదా! పని మధ్యలోనే వదిలేసి అక్క ఇంటికి పరుగెత్తింది.

విషయం వినగానే అక్క భగ్గుమంది. "ఇప్పుడిప్పుడే నా కాళ్ల మీద నేను నిలబడుతుంటే, చూడలేకపోతున్నావా?"

"అది తర్వాత తిడుదువుగానీ, నీకు నిద్ర పడుతోందా అక్కా?"

అక్క కోపం చప్పున దిగింది. "పట్టట్లేదు... వయసు కదే, అందుకే అనుకున్నా."

చెల్లెలు ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి ఎగిరెగిరి పడుతోంది.

"పద, డాక్టరు దగ్గరికి."

"మరి నా దగ్గర కొన్నవాళ్లు?" అక్క ఫోను చేతిలోకి తీసుకుంది. "ఏ ముఖం పెట్టుకుని చెప్పనే?"

"ఇప్పుడే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

మెట్లు దిగుతూనే అక్క ఫోను చెవికి ఆనించింది. అవతలావిడ హలో అనీ అనకముందే, "ఆ మాత్రలు వేసుకోకండి వదినా," అనేసింది.