పుర్రచేతి పిల్ల

"బావా, ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. అక్క క్యాసెట్టు తీసి ఉంచండి. అదే, పుర్రచేతి పిల్ల ముందుకొచ్చి ఆడేది," అంది మా మరదలు ఫోన్లో. "రెండో కంట్లో కూడా నడిమధ్య మచ్చ పెరుగుతోందట. ఇంకో నెలో రెండు నెలలో అన్నాడు డాక్టరు. సూదిలో దారం ఎక్కించడం మానేసి ఎలాగూ ఆర్నెల్లయింది, దానికేం గానీ. ఆ ఒక్కటీ చూసేశానంటే ఇక ఏ మచ్చొచ్చినా రానీ."

సరే అన్నాను. ఇంకేమంటాను? ఆ క్యాసెట్టులో ఆ పిల్ల ఆట లేదు. చెరిపింది నేనే. చెరిపి ఇరవై నాలుగేళ్ళయింది.

మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఒకే వరుసలో కూర్చునే పదహారుమందిలో ఒకతె. ఆదివారం మూడింటికి టీవీలో పాత హాలీవుడ్ డాన్సు సినిమాలు వేసేవాళ్ళు. ఉతికిన బట్టలన్నీ ఒళ్ళో పోసుకుని, మడతపెట్టే నెపంతో టీవీ ముందు కూర్చునేది. తెల్లటి మెట్లు, ఈకల గౌన్లు, చేతికర్రలు తిప్పే మగవాళ్ళు, చెక్కనేల మీద టకటకలాడే బూట్లు. సినిమా అయ్యేసరికి మడతపడ్డవి రెండు రుమాళ్ళు.

నేను పక్కనే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్ని, నాకు ఈ గంతులేమిటి అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను.

"హీరో హీరోయిన్లు అక్కడుంటే నువ్వు ఆ మూలకి చూస్తావేమిటి?"

"వాళ్ళని చూడ్డానికి లోకమంతా ఉంది. వెనకవాళ్ళని చూడ్డానికి నేనొక్కదాన్నేగా," అంది.

ఆ వెనకవాళ్ళలో ఆమెకి దొరికింది ఈ పిల్ల. అందరూ కుడిచెయ్యి ఎత్తినప్పుడు ఈమె ఎడమచెయ్యి రవ్వంత లేచేది, వెంటనే దించేసి కుడిది ఎత్తేది. మా ఆవిడదీ పుర్రచెయ్యే. చిన్నప్పుడు బళ్ళో స్కేలుతో కొట్టించుకున్న చెయ్యి. అందుకే పట్టేసింది. నెల తరవాత ఇంకో సినిమాలో మళ్ళీ ఆ పిల్లే, వేరే జుట్టుతో. చివర్లో వచ్చే పేర్లలో ఆమె పేరు ఎప్పుడూ లేదు. మా ఆవిడ ఒక పుస్తకం పెట్టింది. ఏ సినిమా, ఎన్నో నిమిషం, ఏ వరుస, ఎడమ నుంచి ఎన్నోది, అన్నీ అందులో రాసేది.

ఎనిమిదో సినిమాలో ఆ పిల్ల వరుస దాటి ముందుకొచ్చింది. ఒక్కతే ఆడింది, నలభై సెకన్లు. ఆవేళ మరదలు కూడా ఉంది. అక్కాచెల్లెళ్ళు లేచి నిలబడి పిచ్చెక్కినట్టు చప్పట్లు కొట్టారు. నేను పేపరు దించేలోపల అయిపోయింది. అదృష్టం, వీసీఆర్ మిషను రికార్డు చేస్తూనే ఉంది. తరవాత మా ఆవిడ స్క్రూడ్రైవరుతో క్యాసెట్టు వెన్నున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేసింది. అది విరిస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదు. పైన ఎర్రసిరాతో "చెరపవద్దు" అని కూడా రాసింది.

రెండు నెలల తరవాత మా కాలేజీ సైన్సు ప్రదర్శనకి టీవీ వాళ్ళొచ్చారు. లోలకం గురించి నాచేత పది నిమిషాలు మాట్లాడించారు, సాయంత్రం ఏడింటి వార్తల్లో చూడండి అన్నారు. ఆ వారం మరదలికి కడుపులో ఆపరేషను. మా ఆవిడ ఆసుపత్రిలో చెల్లెలి పక్కనుంది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు, షాపుకి వెళ్ళే టైము లేదు. మిషనులో ఉన్నది అదే. విరిచిన చోట ఉండే కన్నానికి సెల్లోటేపు ముక్క అంటిస్తే మళ్ళీ ఎక్కుతుందని నాకు తెలుసు. ఎర్రసిరా చూడలేదని చెప్పను. చూశాను. ఇలాంటి గంతులు మళ్ళీ వేస్తార్లే అనుకున్నాను.

మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

నా లోలకం కూడా వార్తల్లో రాలేదు. ప్రిన్సిపాలు మాట్లాడుతుంటే వెనక నిలబడ్డవాళ్ళలో నేనొకణ్ణి.

మా ఆవిడ ఆ క్యాసెట్టు చూసిందో లేదో మొదట్లో తెలియలేదు. మరదలు కోలుకుని మా ఇంటికొచ్చి "అక్కా, పుర్రచేతి పిల్లని పెట్టవే" అన్నప్పుడు తెలిసింది. "మిషను పాడైందే" అంది మా ఆవిడ. వంటింట్లోంచి విన్నాను. మిషను నిక్షేపంగా ఉంది. ఆ తరవాత మరదలు వేరే ఊళ్ళో టైలరు షాపు పెట్టుకుని వెళ్ళిపోయింది. వచ్చినప్పుడల్లా మిషను పాడయ్యే ఉండేది. మొగుడూ పెళ్ళాలం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. పోయిన ఏడాది మా ఆవిడ కన్నుమూసింది, ఆ మాట అలాగే ఉండిపోయింది.

శుక్రవారం అటక మీంచి మిషను దించాను. చచ్చిపోయి ఉంటే బాగుండుననుకుంటూ ప్లగ్గు పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. క్యాసెట్టు లోపలికి తీసుకుంది. నేను మీట నొక్కలేదు.

ఆదివారం రెండున్నరకే వచ్చింది మరదలు. గుమ్మంలో నిలబడి తలుపు చెక్క వంక చూస్తూ, "చిక్కిపోయారు బావా," అంది.

"తలుపుతో మాట్లాడుతున్నావా, నాతోనా?"

"మీతోనే. తిన్నగా చూస్తే మీ మొహం ఉండాల్సిన చోట బూడిద. పక్కకి చూస్తే మీరు కనిపిస్తారు. అంచులే మిగిలాయి నాకు. ఏదైనా చూడాలంటే అటు చూడకూడదు."

టీ ఇచ్చాను. చెయ్యి తడబడకుండా కప్పు అందుకుంది. అదొక్కటీ మేలు అనుకున్నాను.

"పెట్టండి మరి."

నాలుగు రోజులుగా నూరుకున్న అబద్ధం బయటికి తీశాను. "క్యాసెట్టు తడిసిపోయిందే అమ్మాయ్. వానాకాలంలో అటక కారింది. చూసుకోలేదు."

ఆమె చీరకుచ్చిళ్ళు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. తరవాత నన్నే ఓదార్చింది.

"పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు? ఒంటరి మనిషి, అటకలు చూసుకుంటారా, పొయ్యి చూసుకుంటారా? మా అబ్బాయి ఫోన్లో వెతికాడు. సినిమా దొరికింది గానీ ఆ పాట కత్తిరించేసిన సినిమా." మళ్ళీ తనే, "అక్క పుస్తకం ఉందిగా? అది చదవండి. కళ్ళు మూసుకుని చూస్తాను," అంది.

ఇది నేను అనుకోలేదు. ఆ పుస్తకం బీరువాలోనే ఉంది. ఒక్కసారైనా తెరిచి చూడలేదు నేను. తెచ్చి, ఎనిమిదో సినిమా వెతికి, కింద వేలు పెట్టుకుని చదివాను. ఎడమచేతి రాత, అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి.

"నలభయ్యో నిమిషం. మెట్ల మీద పన్నెండుమంది. మన పిల్ల వెనక వరుస, ఎడమ నుంచి మూడోది. హీరోయిన్ కుర్చీలో కూలబడింది. మన పిల్ల వరుసలోంచి బయటికొచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎడమచెయ్యి ముందు ఎత్తింది, ఈసారి దించలేదు. కాళ్ళు నేలని అడిగినట్టు ఒకసారి, జవాబు చెప్పినట్టు ఒకసారి. గిర్రున తిరిగితే గౌను తిరిగింది, తల మాత్రం మనకేసే ఉంది. నవ్వలేదు. నవ్వే తీరిక లేదు."

"గౌను అంచుకి రెండు వరసల కుచ్చు," అంది మరదలు కళ్ళు మూసుకునే. "ఎన్ని గజాలు పట్టిందో అని అప్పుడే అడిగాను అక్కని. ఊఁ, చదవండి."

కింద ఇంకో నాలుగు వరసలున్నాయి, వేరే సిరాతో. కళ్ళతో చదివాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె కళ్ళు తెరిచి కిటికీ వంక చూసింది. కిటికీలో ఏమీ లేదు. కిటికీ వంక చూసిందంటే నన్ను చూస్తోందన్నమాట. నా వేలు ఆ నాలుగు వరసల కిందే ఉంది.

చదివాను.

"చెరిగింది. ఇప్పుడు నలభై ఒకటో నిమిషంలో మా ఆయన. వెనక వరుస, ఎడమ నుంచి మూడోవారు. పదకొండు సెకన్లు. కొత్త చొక్కా. నవ్వుతున్నారు. ఎటు చూడాలో తెలియడం లేదు పాపం."

మరదలు టీ కప్పు వెతికి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు?"

"నీ ఆపరేషనప్పుడు."

"నేను కడుపు కోయించుకుని పడున్నాను. అక్క నా పక్కన నేల మీద పడుకుంది. బావగారు ఇక్కడ టీవీలోకెక్కారు! పదకొండు సెకన్లు!"

"తప్పే."

"మిషను పాడైందని ఆవిడ. అటక కారిందని మీరు. బాగానే కుదిరారమ్మా మొగుడూ పెళ్ళాలు! మధ్యలో నేను వెర్రిదాన్ని, ఇందాక మిమ్మల్ని ఓదార్చాను కూడా." కొంగు లాగి నడుముకి దోపింది. "ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగారా? క్షమించమని?"

"లేదు."

"పెట్టండి. నా కళ్ళున్నప్పుడే చూస్తాను. ఆ పిల్లకి బదులు అక్కకి ఏం దొరికిందో."

మీట నొక్కాను. మా ఆవిడ చివరిసారి ఆపిన చోటే ఉన్నట్టుంది టేపు. మెట్లు వచ్చాయి. పన్నెండుమంది కుడిచెయ్యి ఎత్తారు, వెనక ఒకతె ఎడమది ఎత్తి దించుకుంది. హీరోయిన్ కుర్చీలో కూలబడింది. వరుసలోంచి ఒక కాలు బయటికొచ్చింది. అంతే, బొమ్మ చిట్లి, ప్రిన్సిపాలు వచ్చారు. ఆయన భుజం వెనక నేను. మీసం నల్లగా ఉంది. కెమెరా వైపు చూసి, చూడకూడదేమోనని కింద చూసి, మళ్ళీ చూశాను. తరవాత వరద వార్త సగం. నేను అక్కడికి ఆపేశానన్నమాట.

ఆపబోతుంటే బొమ్మ మళ్ళీ చిట్లింది. మెట్లు వచ్చాయి. ఆ ముక్క మిగిలి ఉందని నాకు తెలియదు. ఎప్పుడూ అంతదాకా చూడలేదు. ఆ పిల్ల వెనక్కి నడుస్తోంది. ఆయాసంతో రొమ్ము ఎగిసిపడుతోంది. ఎడమచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, మెల్లగా దిగుతోంది. మూడో స్థానంలో నిలబడింది. హీరోయిన్ కుర్చీలోంచి లేచింది.

ఇన్నేళ్ళకి ఆ పిల్ల మొహం నేను చూడటం అదే మొదటిసారి.

మరదలు టీవీ పక్కనున్న గోడని చూస్తోంది. "వచ్చిందా?"

"వెనక్కి వెళ్తోంది."

"కనిపించింది. చెయ్యి కనిపించింది. మళ్ళీ పెట్టండి."

నాలుగుసార్లు పెట్టించింది. ముందుకు తోసే మీట అరిగిపోయింది, అందుకని ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాలంటే ప్రతిసారీ నన్ను దాటుకునే వెళ్ళాలి. మొదటిసారి "అబ్బ, ఆ నవ్వు" అంది. నాలుగోసారికి కళ్ళలో నీళ్ళొచ్చి అంచులు కూడా మసకబారాయని ఆపమంది.

క్యాసెట్టు చేతికిమ్మంది. వేళ్ళతో తడిమింది. వెన్నున సెల్లోటేపు తగిలి ఆగింది. పసుపుపచ్చగా ఎండిపోయి ఉంది అది. పాత కుట్టు విప్పినట్టు గోటితో అంచు లేపి, ఊడదీసి, ఉండచుట్టి నా అరచేతిలో పెట్టింది.

"ఇక దీని మీద ఎవరూ ఏదీ ఎక్కించకూడదు," అంది.

"నా ముక్క కూడా ఉండిపోతుందే అందులో."

"ఉండనీండి. అక్క చెరపాలనుకుంటే ఈ సెల్లోటేపు ఇన్నేళ్ళూ అంటించే ఉంది. చెరపలేదుగా."

క్యాసెట్టు, పుస్తకం సంచిలో వేసుకుంది. గుమ్మం దాకా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. మెట్ల దగ్గర మాత్రం ఆగి, చెయ్యి తనే చాపింది. మూడు మెట్లు దించాను. మా గుమ్మానికి నాలుగో మెట్టు లేదు, చెయ్యి వదిలేసింది.