పచ్చదారం కుట్టు

నేను ఒక శాలువాను. పశ్మీనా అని చెప్పి అమ్ముతారు గానీ నాలో ఉన్ని పోగు ఒక్కటీ లేదు. ఎక్కడో ఉత్తరాదిన మరమగ్గం మీద, నాలాంటి వందలమందితో కలిసి పుట్టాను. మెరూన్ రంగు, జరీలా మెరిసే అంచు. చలి ఆపను, ఫోటోలో బాగుంటాను. నన్ను కొనేవాళ్ళకి కావలసిందీ అదే.

రాజమండ్రిలో నాగభూషణం కొట్టుకు చేరాను. దండలు, జ్ఞాపికలు, శాలువాలు అమ్మే చిన్న కొట్టు అది. ఒక సాహితీ సంస్థవాళ్ళు నన్ను కొని, నవలలు రాసే పరంధామయ్య గారి భుజాలమీద కప్పారు. ఆయన్ని అక్షర తపస్వి అన్నారు. తపస్వి ఇంటికి ఏ డబ్బులతో ఆటో ఎక్కి వెళతాడో ఎవరికీ తోచలేదు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం మానేసి, రాతతోనే బతుకుతానని కూర్చున్న మనిషి ఆయన. పత్రికలు కథకిచ్చేది పాలకు చాలదు. సొంత ఖర్చుతో వేసుకున్న నవలలు కట్టలు విప్పకుండా మంచం కింద ఉన్నాయి. ఆ ఇల్లు గడిచేది భార్య ఇందుమతి గారు చీరలకు ఫాల్స్ కుట్టబట్టి.

మర్నాడు పొద్దున ఆయన నన్ను కప్పుకుని రాసుకుంటూంటే, దోమల కాయిల్ అంటుకుని నా అంచున చిల్లు పడింది. ఇందుమతి గారి సూదిలో అప్పటికి పచ్చదారం ఉంది. దానితోనే చిల్లు పూడ్చి, నన్ను సంచి అడుగున పెట్టి, పైన పాత తువ్వాలు కప్పి, మళ్ళీ ఆ కొట్టుకే తీసుకొచ్చింది.

"ఆయ్, రండమ్మా. సారుకి మళ్ళీ సన్మానం అయినట్టుంది," అన్నాడు నాగభూషణం, నన్ను విప్పకుండానే.

"ఈసారైనా వంద ఇవ్వండి."

"ఎనభయ్యేనమ్మా. ఊళ్ళో రాసేవాళ్ళందరికీ అదే రేటు. ఒకరికి ఎక్కువిస్తే రెండోవారు నొచ్చుకుంటారండి."

పరంధామయ్య గారు శాలువా ఏదని అడగలేదు. అంతకుముందువాటి గురించీ అడగలేదు.

వానాకాలంలో ఆ సంస్థ కార్యదర్శే మళ్ళీ వచ్చాడు.

"సన్మానానికా, పరామర్శకా?" అనడిగాడు నాగభూషణం.

"పరామర్శకేనండి. కోటీశ్వరం గారు పోయారు. చవకది చాలు, ఓ గంటసేపే కదా."

కోటీశ్వరం గారు పరంధామయ్య గారి స్నేహితుడు. ఆయనా కథలు రాసేవాడే. ఐశ్వర్యమంతా పేరులోనే ఉండిపోయింది.

నాకు చలి అంటే ఏమిటో ఆయన ఛాతీ మీద తెలిసింది. అప్పటిదాకా మనుషుల్ని నేనే వెచ్చబెడుతున్నాననుకునేదాన్ని. వాళ్ళే నన్ను వెచ్చబెట్టేవారు. ఆ గంటసేపట్లో నా పోగుల్లోకి ఎక్కిన చలి ఇంకా దిగలేదు. చూడవచ్చినవాళ్ళలో ఇందుమతి గారూ ఉన్నారు. ఆమె చూపు శవం ముఖం మీద నుంచి జారి నా అంచున ఆగింది. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు అందరూ.

పాడె లేచేముందు నన్ను తీసి పక్కన పడేశారు. కర్మలయ్యాక కోటీశ్వరం గారి భార్య నన్ను ఉతికి, ఆరేసి, అదే కొట్టుకు తెచ్చింది. నాగభూషణం ఆవిడ ముఖం చూడకుండా వంద ఇచ్చాడు.

ఉగాదికి పరంధామయ్య గారికి పురస్కారమన్నారు. ఈసారి కవర్లో పదివేలు ఉంటాయన్నారు. అద్దె బాకీ కోసం ఇంటి యజమాని ఆ రోజు దాకా ఆగాడు. తీరా వేదిక ఎక్కాక, దాత ఊళ్ళో లేరు, కవరు తరువాత అందజేస్తామని మైకులో చెప్పి, శాలువా కప్పారు. ఆ శాలువా నేనే. ముందువరసలో కూర్చున్న ఇందుమతి గారు, బతికున్న భర్త భుజం మీద తన పచ్చదారాన్ని చూసి లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చి ఆమె కత్తెర తీసింది.

"ఏం చేస్తున్నావ్ ఇందూ?"

"మసిగుడ్డలు చేస్తానండీ."

"కొత్త శాలువా కదే."

"కొత్తది కాదండీ ఇది."

"తెలుసు. ఆ పచ్చదారం నీది. కోటీశ్వరం మీద చూశాను."

కత్తెర ఆగింది. "అయితే అమ్మేస్తున్నానని కూడా తెలుసా?"

"ఎనభై అని కూడా తెలుసు. కోటీశ్వరమే చెప్పాడు. వాళ్ళావిడకీ నాగభూషణం అంతే ఇచ్చేవాడట."

ఇద్దరూ కాస్త నవ్వారు. ముందు ఆమె నవ్వు ఆగిపోయింది.

"అమ్మితే మళ్ళీ వస్తుందండీ. ఈసారి దేనికి వస్తుందో."

ఆయన నన్ను మడత మీద మడత వేస్తూ కూర్చున్నాడు. "పొద్దున బియ్యం డబ్బాలో సోల అడుగుకి తగిలిన చప్పుడు విన్నాను. ఇచ్చెయ్యి ఇందూ. భయపడడానికి కూడా కాస్త స్తోమతుండాలి."

ఆమె కత్తెర మొనతో పచ్చదారం కుట్టును ఒక్కొక్క పోగే విప్పేసింది. ఎవరిదో చీర ఫాల్‌కి తెచ్చిన మెరూన్ దారం ఎక్కించి, ఆ చిల్లును మళ్ళీ పూడ్చింది. ఇప్పుడు వేలితో తడిమినా కుట్టు ఎక్కడుందో తెలియదు. ఇంకెప్పుడైనా, ఎవరిమీదైనా చూస్తే తనకే ఆనవాలు దొరక్కూడదని అంత సన్నగా కుట్టింది.

కవరు ఇంకా రాలేదు. నేను మాత్రం కొట్టులో అద్దాల బీరువాలో, కొత్తవాటి మధ్య కొత్తదానిలా ఉన్నాను. మెట్లమీద చెప్పుల చప్పుడవుతుంది. ఒక శాలువా ఇవ్వండి అంటారెవరో.

"సన్మానానికా, పరామర్శకా?" అంటాడు నాగభూషణం.

వచ్చినవాడు నోరు విప్పేలోపల, నా పోగుల్లో ఆ చలి మెల్లగా మేలుకుంటుంది.