మూత పడితేనే ప్రయాణం

కాలేజీల్లో సీట్లొచ్చే రోజుల్లో బోధన్ రాకాసిపేటలోని ఆ గల్లీలో, గంగుబాయి ఇంటి ముందు పొద్దున్నుంచే చెప్పులు కనబడతాయి. ఆమెకు చుట్టాలెక్కువై కాదు. ఆమె ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. హాస్టలుకు పోయే పిల్లలున్నవాళ్లు సామానంతా తెచ్చి ముందు దాంట్లో సర్ది చూసుకుంటారు. మూత పడితే సామాను సరిపోయినట్టు. పడకపోతే ఏదో తక్కువైంది, లేదా అక్కర్లేనిదేదో లోపల చేరింది. అదేమిటో తేలాక అన్నీ బయటికి తీసి సొంత సూట్‌కేసులో సర్దుకుని, గంగుబాయికి ఓ చాయ్‌పత్తా ప్యాకెట్టు ఇచ్చి వెళ్తారు. పెట్టె ఎందుకలా చేస్తుందని ఎవరూ అడగరు. కరెంటు ఎందుకు పోతుందని మాత్రం ఎవరడుగుతున్నారు?

మధుకర్ హైదరాబాదుకు పోతూ రైస్ కుక్కర్ పెడితే మూత ఒప్పుకోలేదు. వాడు మొండివాడు, చంకలో పెట్టుకుని మరీ తీసుకుపోయాడు. వారం తిరక్కుండా వార్డెన్ దాన్ని పట్టుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కృష్ణకు ఎంత సర్దినా మూత పడలేదు. విసుగొచ్చి గడప దగ్గరున్న వాడి పాత చెప్పులు లోపల పడేస్తే టక్కున పడింది. హాస్టల్లో మొదటి ఆదివారమే వాడి కొత్త చెప్పులు ఎవరో వేసుకుపోయారు. రోజాకైతే నైలాన్ తాడు, క్లిప్పులు కావాలంది పెట్టె. హాస్టల్లో ఉన్న దండేలన్నీ సీనియర్లవని ఆ పిల్లకు పోయాక గానీ తెలియలేదు. మూత పడకుండా బలవంతంగా నొక్కి, పైన కూర్చుని గొళ్లెం పెట్టుకుపోయినవాళ్లు కూడా లేకపోలేదు. వాళ్లు నెలలోపే ఇంటికొచ్చేశారు, మళ్లీ పోలేదు.

ఇదంతా చూసీ చూసీ గంగుబాయి పెద్ద అనుభవశాలి అయిపోయింది. ఆమె హాస్టల్ మొహం చూసింది లేదు. అయినా బకెట్టు మీద పేరు స్కెచ్ పెన్నుతో కాదు, పెయింటుతో రాయాలని చెబుతుంది. తాళం కొంటే రెండో చెవి ఇంట్లో దాచుకోవద్దని, పక్క మంచం పిల్లకివ్వాలని చెబుతుంది. జ్వరం గోళీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సూదీ దారం, పిన్నీసులు ఒకే డబ్బాలో వేసి, కరెంటు పోయినా చేతికి తగిలే చోట పెట్టమంటుంది. వినేవాళ్లు వింటారు. విననివాళ్లతో ఆమె వాదించదు, పెట్టె చూసుకుంటుందని వదిలేస్తుంది.

ఒక ఏడు దేవన్న కూతురు శృతికి నిజామాబాద్‌లో నర్సింగ్ సీటొచ్చింది. హాస్టలు కంఠేశ్వర్‌లో. రోజూ బస్సులో పోయొచ్చే దూరమే, కానీ తెల్లారకముందే వార్డు డ్యూటీలుంటాయి కాబట్టి హాస్టల్లో ఉండాల్సిందేనని కాలేజీ రూలు. ఇక ఒక్క రోజే ఉంది; మర్నాడు సాయంత్రంలోపు చేరకపోతే సీటు వేరేవాళ్లకు పోతుంది.

సామాను సర్దే పని దేవన్న ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. చాలా ఏళ్లు మస్కట్‌లో పని చేసొచ్చిన మనిషి. తనకన్నా బాగా మూట కట్టేవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం, అది నిజం కూడా. వచ్చిన చిక్కల్లా, మూట కట్టడమంటే అతనికి గల్ఫుకు కట్టడమే. మామిడి తొక్కు డబ్బాకు టేపు చుట్టాడు, మీద కవరు తొడిగాడు, మళ్లీ టేపు, మళ్లీ కవరు. సబ్బులు, సకినాలు, బిస్కెట్లు అన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కి, తాడుతో బిగించి, నాలుగు పక్కలా పేరు, ఊరు, ఫోన్ నంబరు మార్కరుతో రాశాడు. ఆ తర్వాత దాన్ని తూకం కొక్కేనికి తగిలించి, తూకం ఎక్కువ కాలేదని సంతోషపడ్డాడు.

“బాపు, సబ్బు గావాల్నంటే తాడు కొయ్యాల్నా?” అని శృతి అడిగింది.

“నడుమ నడుమ ఇప్పేది గాదు బిడ్డా. ఓసారి కట్టినమంటే కట్టినట్టే.”

బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అనసూయమ్మ చేతిలో ఆకు చుడుతూనే మొగుడికి జవాబిచ్చింది. “పిల్ల పోయేది కంఠేశ్వర్‌కు. ఇమానం ఎక్కుతలేదు.”

గంగుబాయి ఇంట్లో అట్టపెట్టె లోపల పెట్టగానే మూత ఎగిరి గోడకు కొట్టుకుంది.

“తాడు ఇప్పు దేవన్నా,” అంది గంగుబాయి. “దినాం వాడుకునే సామానుకు ముడేస్తే దీనికి నచ్చది.”

దేవన్న మొహం ముడుచుకుని ముళ్లు విప్పాడు. అయితే అతని పరువు పూర్తిగా పోలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డును, సూట్‌కేసును మంచం కోడుకు కట్టే గొలుసును, మంచానికి అడ్డంగా కట్టుకునే పరదా గుడ్డను పెట్టె మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఒక్కోటి లోపలికి పోయినప్పుడల్లా మూత కాస్త కాస్త దిగింది.

“సూసినవా అవ్వా, గిదంత మస్కట్ క్యాంపు తెలివి,” అన్నాడు.

కానీ జానెడు ఎత్తు మిగిలిపోయింది. టార్చి పెట్టారు, గొడుగు పెట్టారు, సర్టిఫికెట్ల జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు, దోమతెర, రెండో దుప్పటి. దుప్పటిని పెట్టె బయటికి నెట్టేసింది. మధ్యాహ్నం దాటినా జానెడు సందు జానెడుగానే ఉంది. మూత పడకుండా పోతే ఏమవుతుందో గల్లీలో అందరికీ తెలుసు.

అప్పుడు హిబా వచ్చింది. ఇంటర్ రెండేళ్లూ శృతి పక్కన కూర్చుని చదివిన పిల్ల. ఆమెకూ అదే కాలేజీలో సీటొచ్చింది. తండ్రి ఉస్మాన్ వద్దన్నాడు. అతను రేకుల పనివాడు, భార్య పోయాక ఒక్కడే కూతుర్ని పెంచాడు. హిబాకు ఆయాసం ఉంది. ఊరి చుట్టూ చెరుకు ఆకు కాలబెట్టే రోజుల్లో ఎక్కువవుతుంది, నిద్రలో ఉన్నప్పుడు మరీను. నేను లేని చోట రాత్రి నీకు ఊపిరాడకపోతే ఎవరు లేస్తారని ఉస్మాన్ అడిగాడు. మాట అక్కడితో ఆగింది.

తాను పోకపోయినా దోస్తు సామాను సర్దడానికి వచ్చింది హిబా. గల్లీ చివర ఎవరో చెత్త కాలబెడుతున్నారు, ఆ పొగలోంచి వచ్చేసరికి ఎగపోస్తోంది. ఇన్‌హేలర్ తీసి పీల్చుకుని, శృతి టవళ్లు మడతబెట్టడానికి చేతులు ఖాళీ కావాలని దాన్ని పెట్టెలో దుప్పటి మీద పెట్టింది.

మూత కిందికి దిగింది.

హిబా ఇన్‌హేలర్ తీసుకుంది. మూత లేచింది.

“మల్ల పెట్టు,” అంది శృతి.

మళ్లీ దిగింది. శృతికి ఊహ తెలిశాక గట్టిగా దగ్గిందే లేదు. గంగుబాయి లేచి వంటింట్లోంచి ఇంకో పళ్లెం, గ్లాసు తెచ్చి, పెట్టెలో ఉన్న శృతి పళ్లెం మీద పెట్టింది. మూత ఇంకొంచెం దిగి మూడు వేళ్ల సందు దగ్గర ఆగింది. హిబా తల వంచుకుని మడత పెట్టిన టవలే విప్పి మళ్లీ మడతపెట్టింది.

“మూత బందులు వంగినయేమో. ఉస్మాన్ భాయ్‌ని తోల్కస్త,” అని దేవన్న వెళ్లాడు. బందులు వంగలేదని అతనికీ తెలుసు.

ఆ పెట్టెకు ప్రతి ఏడూ నూనె పెట్టేది ఉస్మానే. సంచీ దింపి, మడతబందులు ఒక్కొక్కటే కదిపి చూశాడు. మూత అంచు వెంట వేలు పోనిచ్చి చూశాడు.

“పెట్టెల ఖరాబేం లేదు. దీనికి ఇంకేందో గావాలె,” అన్నాడు. అప్పుడు లోపలికి చూశాడు. “గిది మా పిల్ల పంపు గద.”

ఉస్మాన్ ఇన్‌హేలర్ తీసి జేబులో వేసుకున్నాడు. మూత పైకి లేచి నిలబడింది. అతనికి కోపమొచ్చింది. అందరూ కలిసి తనను ఇరికించారనిపించింది. సంచీలోంచి సుత్తె తీశాడు.

“రెండు దెబ్బలేస్తే పడతది. పొద్దున బస్సుకు పోతది పిల్ల.”

“నీ చేతిల పనే. కొడ్తె కొట్టు,” అంది గంగుబాయి.

“కొట్టకు అబ్బా,” అంది హిబా తండ్రితో. “నన్ను తోలకున్నా మంచిదే. కొట్టి మూస్తే శృతి గూడ నిలువది ఆడ.”

ఉస్మాన్ చెయ్యి ఆగిపోయింది. తన ఇంటి సంగతి తాను తేల్చుకున్నాడు గానీ దేవన్న కూతురి చదువు కూడా తన సుత్తె కింద ఉందని అప్పటిదాకా అనుకోలేదు. సుత్తె నేల మీద పెట్టి, శృతి వైపు తిరిగాడు.

“శృతీ, నిజం చెప్పు. నీకు నిద్ర ఎట్ల పడతది?”

శృతి అబద్ధమాడుతుందేమోనని అనసూయమ్మ భయపడింది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది.

“గట్టిగనే పడతది చాచా. మా అమ్మ నీళ్లు సల్లి లేపుతది,” అంది శృతి. “అందుకే రెండు మంచాలు ఆనిచ్చి ఏసుకుంటం. దాని చెయ్యి నా మీద ఉంటది. పంపు యాడుంటదో నాకెరుకే. ఎట్ల కూసోబెట్టాల్నో, నడుము ఎట్ల నిలబెట్టాల్నో గూడ ఎరుకే. ఇంటర్ కాలేజీల శానసార్లు కూసోబెట్టిన.”

“కాలేజీలనా? ఎప్పుడు?”

“చెరుకు ఆకు పొగ లేసినప్పుడల్ల. నీకు చెప్తే సదువు బంద్ వెడతవని చెప్పలే.”

ఉస్మాన్ కూతురి వైపు చూశాడు. హిబా చూపు తిప్పుకోలేదు. తనకు తెలియకుండా తన బిడ్డకు అన్నిసార్లు ఊపిరి అందలేదంటే అతనికి గుండెలో కలుక్కుమంది. తెలియకుండానే అన్నిసార్లూ తేరుకుందని ఆ వెంటనే తోచింది. రెండూ ఒకేసారి మనసులో పడి, ఏది ముందు పట్టుకోవాలో అతనికి తెలియలేదు. దేవన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“భాయ్, నేను మస్కట్‌ల పడిపోతే నన్ను దవాఖానకు మోసింది మనోళ్లు గాదు. పక్క మంచమోడు. వాని బాస గూడ నాకు రాకపోయేది.”

ఉస్మాన్ జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, ఇంతకుముందు ఉన్న చోటే పెట్టాడు.

“పో బేటా. నీ బట్టలు తీస్కరా.”

హిబా పోయినంత తొందరగానే తిరిగొచ్చింది. బట్టలన్నీ ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, ఒక చున్నీలో కట్టి ఉన్నాయి. ఇవన్నీ ఎప్పుడు సర్దుకున్నావని ఉస్మాన్ అడగలేదు. ఆమె వాటిని శృతి బట్టల పక్కన పెట్టి చెయ్యి తీసింది. మూత తనంతట తానే దిగి, చప్పుడు లేకుండా కూర్చుంది.

దేవన్న పక్కనున్న తాడు అందుకోబోయి, భార్య చూపు చూసి మానుకున్నాడు.

కంఠేశ్వర్ హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది దొరికింది. చెరుకు కోతలు మొదలై, బోధన్ చుట్టూ పొలాల్లో పొగలు లేచే రోజులొచ్చాయి. ఆ పొగ నిజామాబాద్ దాకా పోదని ఉస్మాన్ తనకు తాను చెప్పుకుంటూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం దుకాణంలో రేకు వంచుతుంటే ఫోన్ మోగింది.

“అబ్బా, రాత్రి ఆయాసం వచ్చింది,” అంది హిబా. గొంతు బాగానే ఉంది. “తగ్గింది. డ్యూటీకి గూడ పోయొచ్చిన.”

ఉస్మాన్ రేకు వదిలేసి లేచి నిలబడ్డాడు. “నాకెందుకు ఫోన్ చెయ్యలే?”

“శృతి లేసింది గద.”

ఉస్మాన్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఫోన్ దానికియ్యి. మాట్లాడత.”

“పండుకున్నది అబ్బా. దానిది సాయంత్రం డ్యూటీ. నేను డ్యూటీకి పోయేదాక నా ఎనక కూసున్నది. లేపాల్నా?”

“వద్దు,” అన్నాడు ఉస్మాన్. “లేపకు. పండుకోనియ్యి.”